జీతం స్లిప్పులో కనిపించని అప్పు

వెట్టిచాకిరీ అనగానే మనకు జీతం లేని పని గుర్తొస్తుంది. బానిసత్వం అంటే సంకెళ్లు, కొరడా, వేలంపాట. ఈ బొమ్మలు మనసులో పెట్టుకుని ఇవాళ్టి ఫ్యాక్టరీలోకి వెళ్తే ఏమీ కనిపించదు. కార్మికుడికి అపాయింట్‌మెంట్ లెటర్ ఉంటుంది, బ్యాంకు ఖాతా ఉంటుంది, నెలనెలా పేస్లిప్ వస్తుంది, జేబులో ఫోన్ కూడా ఉంటుంది. ఇన్ని ఉన్నవాడు బానిస ఎలా అవుతాడు?

ఆ ఉద్యోగం కోసం అతను ఏజెంటుకి డబ్బు కట్టాడు. చేతిలో లేదు కాబట్టి వడ్డీకి తెచ్చాడు. ఇంటి దగ్గర పొలమో ఇల్లో తాకట్టులో ఉంది. తీరా వచ్చి చూస్తే చెప్పిన జీతం ఒకటి, ఇస్తున్నది ఒకటి. వదిలేసి పోదామంటే పాస్‌పోర్ట్ మేనేజర్ బీరువాలో ఉంది. అది బతిమాలి తెచ్చుకున్నా, అప్పు మాటేమిటి? ఖాళీ చేతులతో ఇంటికెళ్తే వడ్డీ ఇచ్చినవాడు గుమ్మంలో నిలబడతాడు. ఇక అతన్ని లోపల పెట్టి తాళం వేయాల్సిన పని ఎవరికీ లేదు. గేటు బార్లా తెరిచి ఉన్నా ఎక్కడికీ వెళ్లడు.

కంపెనీలు తమ వ్యాపారంలో, తమకు సరుకు వచ్చే దారిలో ఆధునిక బానిసత్వం లేకుండా చూసుకోవడం గురించి ఎన్నో మార్గదర్శకాలు వచ్చాయి. వాటిలో చాలావరకు పాలసీలు, శిక్షణలు, సంతకాల చుట్టూ తిరుగుతాయి. నా మటుకు ఈ చిక్కుముడికి కొస అప్పు దగ్గరే దొరుకుతుంది. ఆ అప్పు ఎలా పుట్టింది, దాని లాభం ఎవరికి చేరింది అని అడుగుతూ పోతే మిగతా ముళ్లు వాటంతట అవే వదులవుతాయి.

ముందు ఇది ఎంత పెద్ద విషయమో చూద్దాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంటే ఐఎల్ఓ, మరో రెండు సంస్థలతో కలిసి 2022లో ఒక అంచనా విడుదల చేసింది. దాని ప్రకారం 2021లో ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మంది ఆధునిక బానిసత్వంలో ఉన్నారు. ఇందులో 2 కోట్ల 20 లక్షల మంది బలవంతపు పెళ్లిళ్లలో చిక్కుకున్నవాళ్లు. బలవంతపు శ్రమలో ఉన్నవాళ్లు 2 కోట్ల 76 లక్షలు. వీళ్లలో 39 లక్షల మంది చేత ప్రభుత్వాలే పని చేయిస్తున్నాయి. 63 లక్షల మంది బలవంతపు లైంగిక వ్యాపారంలో ఉన్నారు. మిగిలిన 1 కోటి 73 లక్షల మంది పొలాల్లో, ఫ్యాక్టరీల్లో, నిర్మాణాల్లో, ఇళ్లల్లో, పడవల్లో ప్రైవేటు యజమానుల కింద ఉన్నారు. ఇది పేద దేశాల జబ్బు అనుకునేవాళ్లు గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. బలవంతపు శ్రమలో సగానికి పైగా ఎగువ మధ్య ఆదాయ దేశాల్లో, ధనిక దేశాల్లోనే ఉంది. వలస వచ్చిన కార్మికుడు ఇందులో చిక్కుకునే అవకాశం స్థానికుడితో పోలిస్తే మూడు రెట్ల కంటే ఎక్కువ. 2024లో ఐఎల్ఓ మరో లెక్క చెప్పింది: బలవంతపు శ్రమ వల్ల ఏటా చేతులు మారే అక్రమ లాభం 23,600 కోట్ల డాలర్లు.

ఎక్కడ మొదలవుతుంది గీత?

కష్టమైన ఉద్యోగాలన్నీ బానిసత్వం కాదు. తక్కువ జీతం వేరు, బలవంతపు శ్రమ వేరు. ఈ తేడాకు అందరూ పట్టుకునే ఆధారం 1930 నాటి ఐఎల్ఓ 29వ ఒప్పందం. ఏదో ఒక శిక్ష తప్పదనే బెదిరింపుతో చేయించేది, చేసేవాడు తనంతట తాను ఒప్పుకోనిది బలవంతపు శ్రమ అని అది చెబుతుంది. అందులో బెదిరింపు, ఇష్టం లేకపోవడం రెండూ ఉండాలి. శిక్ష అంటే కొట్టడమే కానక్కర్లేదు. నెలల తరబడి జీతం ఆపి 'ఇప్పుడు వెళ్తే ఆ డబ్బు రాదు' అనడం శిక్షే. నిజానికి ప్రపంచం మొత్తం మీద ఎక్కువగా వాడే ఆయుధం అదే. వీసా రద్దు చేయిస్తాననడం, పోలీసులకు పట్టిస్తాననడం కూడా శిక్షలే. ఇష్టం సంగతీ అంతే. అబద్ధం చెప్పి ఒప్పించి సంతకం పెట్టించుకుంటే ఆ సంతకానికి విలువ లేదు. మొదట ఇష్టపడే వచ్చినా, తర్వాత పోవడానికి వీల్లేకపోతే అది బలవంతమే.

దీన్ని మరింత ముందుకు తీసుకెళ్లిన తీర్పు ఒకటి ఉంది. ఢిల్లీ ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో 1982లో భారత సుప్రీంకోర్టు, ఆకలి, పేదరికం చేసే బలవంతం కూడా బలవంతమేనని చెప్పింది. గత్యంతరం లేక కనీస వేతనం కంటే తక్కువకు పనిచేస్తే అది రాజ్యాంగం నిషేధించిన బలవంతపు శ్రమ కిందికే వస్తుందని తేల్చింది. అన్ని దేశాల చట్టాలూ అంత దూరం వెళ్లవు. అయినా వ్యాపారం చేసేవాళ్లకు దీంట్లో ఒక సూచన ఉంది. దోపిడీ మెట్ల దారిలాంటిది. పై మెట్టు మీద ఓవర్‌టైమ్ డబ్బు ఎగ్గొడతారు, ఇంకో మెట్టు దిగితే పాస్‌పోర్ట్ తీసుకుంటారు, ఇంకా దిగితే బయటికి పోనివ్వరు. అడుగు మెట్టు దాకా వచ్చాకే చూస్తామనుకునే కంపెనీకి ఎప్పుడూ ఆలస్యమే అవుతుంది.

ఈ మెట్లను పసిగట్టడానికి ఐఎల్ఓ 11 గుర్తులు ఇచ్చింది. మోసం, ఒంటరిగా ఉంచడం, పత్రాలు లాక్కోవడం, జీతం ఆపడం, అప్పుతో కట్టేయడం, మితిమీరిన ఓవర్‌టైమ్ లాంటివి. వీటిలో ఒక్కటి కనిపించినా ఆగి చూడాలి. నాలుగైదు ఒకేచోట కనిపిస్తే మిగతావి కూడా అక్కడే ఉండి, ఇంకా బయటపడకపోయి ఉండొచ్చు.

ఉచితంగా మనుషుల్నిచ్చే ఏజెన్సీ

ఇప్పుడు అప్పు సంగతికి వద్దాం. ఒక ఫ్యాక్టరీకి రెండు వందల మంది కావాలి. వేరే దేశంలోని మ్యాన్‌పవర్ కంపెనీకి చెబుతుంది. ఆ కంపెనీకి ఊళ్లలో మనుషులు లేరు కాబట్టి ఏజెంటుకి చెబుతుంది. ఏజెంటు సబ్ ఏజెంటుకి చెబుతాడు. ఊళ్లో తిరిగే ఆ సబ్ ఏజెంటు చాలాసార్లు చుట్టమో, ఎరిగినవాడో అయి ఉంటాడు. అందుకే అతని మాట చెల్లుతుంది. ప్రతి చెయ్యీ తన వాటా తీసుకుంటుంది. టికెట్టు, వీసా, మెడికల్ పరీక్ష, 'సర్వీస్ ఛార్జి' అన్నీ చివరికి కార్మికుడి నెత్తినే పడతాయి. రసీదు ఉండదు. ఉన్నా, చట్టం ఒప్పుకునేంత మొత్తమే అందులో ఉంటుంది. మిగతాది నోటి లెక్క.

ఇందులో అందరూ చూసీ చూడనట్టు వదిలేసే విషయం ఒకటుంది. చాలాచోట్ల ఏజెన్సీ ఫ్యాక్టరీ దగ్గర ఒక్క పైసా తీసుకోదు. కొన్నిచోట్ల కాంట్రాక్టు తమకే ఇవ్వమని ఫ్యాక్టరీ మేనేజర్‌కే ఎదురు కమీషన్ ఇస్తుంది. వందలమందిని వెతికి, పరీక్షలు చేయించి, విమానం ఎక్కించే పనిని ఎవరైనా ఊరికే చేస్తారా? యజమానికి ఉచితంగా వచ్చిందంటే బిల్లు కార్మికుడికి వెళ్లిందనే అర్థం. ఎక్కడెక్కడికో ఆడిటర్లను, అంటే పని పరిస్థితులు తనిఖీ చేసేవాళ్లను, పంపే ముందు కంపెనీ ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలు: మీరు మనుషుల్ని తెచ్చుకోవడానికి ఏజెన్సీకి ఎంత కట్టారు? బిల్లు చూపించండి. బిల్లు లేదంటే జవాబు దొరికినట్టే.

నియామకం ఖర్చు కార్మికుడి మీద పడకూడదనేది కొత్త ఆలోచన కాదు. 1997 నాటి ఐఎల్ఓ 181వ ఒప్పందమే ఏజెన్సీలు కార్మికుల దగ్గర ఫీజు తీసుకోకూడదంటుంది. వలస నియామకాల మీద 2012లో వచ్చిన ఢాకా సూత్రాలు కూడా ఖర్చంతా యజమానే భరించాలని చెబుతాయి. మాట మీద అందరికీ ఏకాభిప్రాయమే. డబ్బు తీసే దగ్గరే పేచీ.

ఆ పేచీ ఎలా తెగిందో మలేషియా రబ్బరు చేతి తొడుగుల పరిశ్రమలో చూడొచ్చు. 2020లో కోవిడ్ వచ్చింది. ప్రపంచమంతా తొడుగుల కోసం ఎగబడింది, కంపెనీల లాభాలు ఆకాశానికెళ్లాయి. అదే సమయంలో వాటిని తయారుచేసే వలస కార్మికులు ఇరుకు డార్మిటరీల్లో, నియామకం కోసం చేసిన అప్పులు తీర్చుకుంటూ ఉన్నారు. ఇందులో ప్రపంచంలోనే అతి పెద్దదైన టాప్ గ్లోవ్ సరుకును 2020 జులైలో అమెరికా కస్టమ్స్ రేవులోనే ఆపేసింది. అప్పటిదాకా 'మా విధానం ప్రకారం ఫీజు తీసుకోం, బయట ఏజెంట్లు తీసుకుంటే మాకేం తెలుసు' అనే ధోరణి ఆ పరిశ్రమలో మామూలు. సరుకు ఆగాక లెక్క మారింది. కార్మికులు కట్టిన ఫీజులు తిరిగి ఇవ్వడానికి ఆ కంపెనీ పది కోట్ల రింగిట్లకు పైగా చెల్లించింది. 2021 సెప్టెంబరులో ఆంక్ష ఎత్తేశారు. ఏళ్ల తరబడి ఆడిట్లు సాధించలేనిది ఏడాదిన్నర తిరక్కముందే జరిగింది. దీన్నుంచి నాకు అర్థమైందేమిటంటే, ఫీజు తిరిగి ఇవ్వడం కుదరని పనేమీ కాదు. ఇవ్వకపోతే నష్టం వచ్చే రోజు దాకా ఎవరూ ఇవ్వరు, అంతే.

రసీదులు లేనప్పుడు ఎవరెంత కట్టారో ఎలా తేలుస్తారని అడగొచ్చు. ఒకే దేశం నుంచి ఒకే ఏడాది వచ్చిన పదుల మందిని, ఫ్యాక్టరీ ఆవరణకు దూరంగా, వాళ్ల భాషలో, విడివిడిగా అడిగితే అంకెలు దగ్గర దగ్గరగా వస్తాయి. ఆ మొత్తాన్ని ఆ బ్యాచ్ అందరికీ ఇస్తారు. ఒకరిద్దరికి నాలుగు రూకలు ఎక్కువ పోయినా పర్వాలేదు. రుజువు తెమ్మని కార్మికుడిని సతాయించడం కంటే అది న్యాయం.

రేటు తగ్గించేవాళ్ల చేయి

ఏజెంటు దుర్మార్గుడు, ఫ్యాక్టరీ యజమాని కఠినుడు, కొనే కంపెనీ అమాయకురాలు. ఈ కథ వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. కొనే కంపెనీ ఏం చేస్తుందో చూడండి. నిరుటి కంటే తక్కువ రేటు అడుగుతుంది. ఆర్డరు ఆలస్యంగా ఖరారు చేసి డెలివరీ తేదీ మాత్రం మార్చదు. మధ్యలో డిజైను మారుస్తుంది. సరుకు అందిన మూడు నెలలకు డబ్బు కడుతుంది. కరెంటు బిల్లు తగ్గదు, ముడిసరుకు ధర తగ్గదు, బ్యాంకు వడ్డీ తగ్గదు. తగ్గించగలిగింది ఒక్కటే, మనిషి. అందుకని ఫ్యాక్టరీ ఓవర్‌టైమ్ పెంచుతుంది, లేకపోతే పని మూడోవాడికి ఇస్తుంది. ఆ మూడోవాడి షెడ్డు సంగతి సరుకు కొనే కంపెనీ రికార్డుల్లో ఎక్కడా ఉండదు.

చాలా కంపెనీల్లో ఒక గదిలో కూర్చున్నవాళ్లు 'బలవంతపు శ్రమను సహించం' అని సరఫరాదారుకి లేఖ రాస్తారు. పక్క గదిలోవాళ్లు అదే సరఫరాదారుకి ఫోన్ చేసి రేటు ఇంకో ఐదు శాతం తగ్గించమంటారు. సరఫరాదారు దేన్ని సీరియస్‌గా తీసుకుంటాడో చెప్పక్కర్లేదు. అందుకే కొనుగోలు విభాగం టార్గెట్లు మార్చకుండా ఎన్ని పాలసీలు రాసినా ఒరిగేదేం లేదని నా అభిప్రాయం. చేయాల్సిన లెక్క చిన్నదే. ఈ వస్తువుకి ఎన్ని గంటల పని పడుతుంది, అక్కడి చట్టబద్ధమైన వేతనం ఎంత, దాని మీద కట్టాల్సినవి ఎంత అని కూడితే మనుషుల ఖర్చు తేలుతుంది. మీరిచ్చే రేటులో అది పట్టకపోతే, ఆ తేడాను ఎవరో తమ ఒంటితో కడుతున్నట్టే.

ఐక్యరాజ్యసమితి 2011లో ఆమోదించిన వ్యాపార, మానవ హక్కుల మార్గదర్శక సూత్రాలు ఈ బాధ్యతను మూడు రకాలుగా చూస్తాయి. హాని మీరే చేశారా, దానికి మీ వంతు తోడ్పడ్డారా, లేక మీ సరుకుతో దానికి సంబంధం మాత్రమే ఉందా? ఎక్కువ కంపెనీలు మూడో గదిలో కూర్చోవాలని చూస్తాయి. రేటు, డెలివరీ తేదీల లెక్క తీస్తే వాళ్ల చోటు చాలాసార్లు రెండో గదిలోనే.

ఆడిట్‌కి ఎందుకు చిక్కదు

ఆడిట్ రెండు రోజుల పని. వచ్చే తేదీ ముందే తెలుస్తుంది, లేకపోయినా గేటు దగ్గర కాసేపు ఆపితే చాలు. రెండు రకాల రిజిస్టర్లు ఉంటాయి. ఆడిటర్ ముందు ఏం చెప్పాలో కార్మికులకు పాఠం చెప్పి ఉంటారు. చాలాసార్లు ఆడిట్ ఫీజు కట్టేది తనిఖీ అవుతున్న ఫ్యాక్టరీయే. అప్పు ఉన్నవాడు నిజం ఎందుకు చెబుతాడు? చెబితే ఆర్డర్లు పోయి ఫ్యాక్టరీ మూతపడితే ముందు మునిగేది అతనే. పైగా అప్పు ఊళ్లో ఉంది, ఏజెంటు వేరే దేశంలో ఉన్నాడు. ఆడిటర్ చూసేది ఫ్యాక్టరీ గోడల మధ్య కాగితాలు.

2012 సెప్టెంబరులో కరాచీలోని ఒక దుస్తుల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఊచలు, దారులకు తాళాలు. అంతకు కొద్ది వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి అంతర్జాతీయ సామాజిక ప్రమాణాల సర్టిఫికెట్ వచ్చింది. అది భద్రతకు సంబంధించిన ఘోరం, బానిసత్వం కేసు కాదు. కానీ కళ్లకు కనిపించే తాళాన్నే పట్టుకోలేని తనిఖీ, కనిపించని అప్పును పట్టుకుంటుందని ఎలా నమ్మడం?

సముద్రంలోనైతే ఆడిటర్ అడుగే పెట్టలేడు. 2015లో అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరులు ఇండోనేషియాలోని బెంజీనా అనే దీవిలో మయన్మార్ మనుషుల్ని బోనుల్లో పెట్టి ఉంచడం చూశారు. థాయ్ కంపెనీల చేపల పడవల్లో పనిచేయడానికి వాళ్లను మోసం చేసి తెచ్చారు. పట్టిన చేపను నడిసముద్రంలోనే పెద్ద శీతల ఓడలోకి మార్చేవాళ్లు. దాంతో పడవ నెలల తరబడి ఒడ్డుకు రానక్కర్లేదు, మనిషి దిగే వీలూ లేదు. ఆ చేప మిగతా సరుకుతో కలిసిపోయి అమెరికా సూపర్ మార్కెట్ల దాకా, పెంపుడు జంతువుల తిండి దాకా వెళ్లింది. ఆ కథనాల తర్వాత 2,000 మందికి పైగా బయటపడ్డారు. దీన్ని బయటపెట్టింది ఏ సర్టిఫికెట్టూ కాదు. విలేఖరులు చేసిన పని ఒకటే: మనుషులతో మాట్లాడారు, ఓడల్ని ఉపగ్రహం ద్వారా వెంబడించారు, లారీల వెనకే వెళ్లారు.

సరఫరాదారుల అంచెలు లెక్కపెడుతూ మొదటివాళ్లు, రెండోవాళ్లు, మూడోవాళ్లు అని పైనుంచి కిందికి జాబితా రాసుకుంటూ పోతే పదేళ్లయినా అడుగుకు చేరరు. అందుకే ప్రమాదం ఎక్కడ ఎక్కువో అక్కడికే నేరుగా దూకాలి. చేపలు, పత్తి, పామాయిల్, ఇటుకలు, కోబాల్టు, సోలార్ ప్యానెళ్లకు వాడే పాలీసిలికాన్ లాంటి సరుకులు. వలస కార్మికులు, సీజన్ కూలీలు, ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లు ఎక్కువగా ఉండే పనులు. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారనివ్వని వీసాలున్న దేశాలు.

సొంత ఇంటిని కూడా మర్చిపోకూడదు. రాత్రిపూట ఆఫీసు ఊడ్చేవాళ్లు, గేటు దగ్గర సెక్యూరిటీ, క్యాంటీన్, గోడౌన్‌లో లోడింగ్ చేసేవాళ్లు ఎవరి మనుషులు? చాలాచోట్ల అతి తక్కువ రేటు వేసిన కాంట్రాక్టరు మనుషులు. బ్రిటన్‌లో 2019లో శిక్షలు పడ్డ ఒక పెద్ద కేసులో పోలండ్ ముఠా ఒకటి ఇల్లూవాకిలీ లేనివాళ్లను, జైలు నుంచి వచ్చినవాళ్లను పని ఆశ చూపి తీసుకొచ్చింది. బాధితులు 400 మందికి పైగా ఉంటారని పోలీసుల అంచనా. వాళ్లు చట్టబద్ధమైన ఏజెన్సీల ద్వారా పొలాల్లో, రీసైక్లింగ్ కేంద్రాల్లో, మాంసం ఫ్యాక్టరీల్లో పనిచేశారు. జీతాలు సక్రమంగానే పడ్డాయి, కాకపోతే ఆ బ్యాంకు ఖాతాలు ముఠా చేతిలో ఉన్నాయి. ఇలాంటిదాన్ని పట్టుకోవడానికి గూఢచారులు అక్కర్లేదు. పేరోల్ ఫైలు తెరిచి ఎంతమంది జీతం ఒకే ఖాతాకు పోతోంది, ఎంతమంది చిరునామా ఒకటే, ఎంతమందికి ఒకే ఫోన్ నంబరు ఉంది అని చూడటం ఒక మధ్యాహ్నం పని.

చట్టాలు ఏం చేయగలవు

చట్టాల్లో ఒక రకం 'చెప్పండి' అంటుంది. 2010లో కాలిఫోర్నియా మొదలుపెట్టింది. 2015లో బ్రిటన్, 2018లో ఆస్ట్రేలియా అందుకున్నాయి. బ్రిటన్‌లో 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, ఆస్ట్రేలియాలో 10 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దాటిన వార్షిక ఆదాయం ఉన్న సంస్థలు, బానిసత్వం లేకుండా ఏం చేస్తున్నాయో చెబుతూ ఏటా ఒక ప్రకటన ఇవ్వాలి. బ్రిటన్ చట్టంలోని ఒక వెసులుబాటు చదివితే నవ్వొస్తుంది: 'మేం ఏ చర్యా తీసుకోలేదు' అని రాసినా చట్టం ప్రకారం సరిపోతుంది. అలాంటి ప్రకటనలు నాలుగు వరసగా చదివితే ఒకే కాపీలో పేర్లు మార్చారా అనిపిస్తుంది. అయినా ఒక ఉపయోగం ఉంది. డైరెక్టర్ సంతకం పెట్టాలి కాబట్టి, కనీసం ఆ ఒక్క రోజైనా ఈ విషయం బోర్డు బల్ల మీదికి వస్తుంది.

రెండో రకం 'చేయండి' అంటుంది. 2013లో బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయాక ఫ్రాన్స్‌లో మొదలైన చర్చ 2017లో చట్టమైంది. పెద్ద కంపెనీలు ప్రమాదాలను గుర్తించి, నివారణ ప్రణాళిక వేసి అమలు చేయాలి, లేకపోతే కోర్టుకు లాగొచ్చు. జర్మనీ చట్టం 2023లో అమల్లోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2024లో ఇలాంటిదే పెద్ద ఎత్తున తెచ్చింది కానీ, వ్యాపార వర్గాల ఒత్తిడితో మరుసటి ఏడాదే అమలు వాయిదా పడింది.

మూడో రకం సరుకునే ఆపేస్తుంది. అమెరికా 1930 నాటి సుంకాల చట్టంలోనే బలవంతపు శ్రమతో చేసిన సరుకు దిగుమతిపై నిషేధం ఉంది. కానీ అందులో ఒక కన్నం పెట్టారు: దేశ అవసరాలకు చాలినంత ఆ వస్తువు లోపల తయారుకాకపోతే రానివ్వొచ్చు. ఆ కన్నం 2016 దాకా పూడ్చలేదు. తర్వాత చూశాం, తొడుగుల విషయంలో ఏమైందో. 2022 నుంచి చైనాలోని షింజాంగ్ ప్రాంతపు సరుకు మీద ఇంకో అడుగు వేశారు. అక్కడ తయారైనది ఏదైనా బలవంతపు శ్రమతో చేసిందనే ముందు అనుకుంటారు, కాదని గట్టి ఆధారాలతో నిరూపించుకోవాల్సింది దిగుమతిదారే. యూరోపియన్ యూనియన్ కూడా ఇలాంటి సరుకును నిషేధిస్తూ 2024లో చట్టం చేసింది, 2027 డిసెంబరు నుంచి అమలు. సరుకు ఆపడమే అన్నిటికంటే పదునైన ఆయుధం. అయితే దానికి రెండో అంచు కూడా ఉంది. ఆర్డరు పోతే ఫ్యాక్టరీ కార్మికుడినే ముందు పంపేస్తుంది, అప్పు మాత్రం అతనితోనే వెళ్తుంది.

అందుకే తప్పు బయటపడగానే 'వాళ్లతో సంబంధాలు తెంచుకున్నాం' అని ప్రకటన ఇచ్చే కంపెనీని చూసి చప్పట్లు కొట్టకండి. పాస్‌పోర్ట్‌లు తిరిగి ఇప్పించడం, కట్టిన ఫీజులు, ఆపిన జీతాలు ఇప్పించడం, వెళ్తానన్నవాళ్లకు టికెట్టు, ఉంటానన్నవాళ్లకు పని చూపడం, ఇవి చేయించాక సరఫరాదారు మారకపోతే అప్పుడు తెంచుకోవాలి. చెడు వార్త చెప్పిన సరఫరాదారుకి ఆర్డరు పోతుందని తెలిస్తే మరోసారి ఎవరూ నోరు విప్పరు.

టమాటా తోటల్లో

ఇంతకీ ఎక్కడైనా ఇది బాగుపడిందా? ఫ్లోరిడాలో ఇమోకలీ అనే ఊరు ఉంది. చుట్టుపక్కల టమాటా తోటలు. 1990ల నుంచి అక్కడ బానిసత్వం కేసులు ఒకదాని తర్వాత ఒకటి కోర్టుకెక్కాయి. 2008లో తేలిన ఒక కేసులో కూలీల్ని రాత్రిళ్లు ట్రక్కులో పెట్టి తాళం వేసేవాళ్లు. అక్కడి కూలీలే ఒక సంఘంగా ఏర్పడ్డారు. మొదట రైతులతో పోట్లాడారు, పెద్దగా ఫలితం లేదు. తర్వాత వాళ్లకు తెలిసొచ్చింది, రేటు నిర్ణయించేది తోట యజమాని కాదు, టమాటాలు కొనే ఫాస్ట్‌ఫుడ్ గొలుసు కంపెనీలూ సూపర్ మార్కెట్లూ అని. నాలుగేళ్లు ఒక కంపెనీని బహిష్కరించి 2005లో ఒప్పందానికి తెచ్చారు. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు.

ఒప్పందం ఇలా ఉంటుంది. కొనే కంపెనీ పౌనుకు ఒక సెంటు చొప్పున ఎక్కువ ఇస్తుంది, ఆ డబ్బు కూలీ జీతంలో విడిగా కనిపిస్తుంది. ఏ తోటలోనైనా బలవంతపు శ్రమ తేలితే ఒప్పందంలో ఉన్న కంపెనీలన్నీ ఆ తోట నుంచి కొనడం ఆపేస్తాయి. ఇది కోర్టులో చెల్లే ఒప్పందం, స్వచ్ఛందంగా రాసుకున్న ఆదర్శం కాదు. కూలీలకు వాళ్ల హక్కులు చెప్పేది కూలీలే, అదీ పని వేళల్లో, జీతం లెక్కలోనే. ఫిర్యాదుకు రోజంతా పనిచేసే ఫోన్ లైను ఉంటుంది. ఫోన్ చేసినవాడి జోలికి వస్తే అది కూడా ఉల్లంఘనే. ఇక్కడ తనిఖీ రెండు రోజుల అతిథి కాదు, తోటలో ఉన్న ప్రతి కూలీ తనిఖీదారే.

నియమాలు రాసేటప్పుడు కూలీలు అడిగినవాటిలో చిన్నగా కనిపించే సంగతి ఒకటుంది. 32 పౌన్ల బకెట్‌కు ఇంత అని కూలి. కానీ మేస్త్రీలు బకెట్ అంచు దాటి గోపురంలా పేర్చితేనే లెక్కలోకి తీసుకునేవాళ్లు. ఆ పైన పేర్చిన కాయలకు పైసా లేదు. ఏ ఆడిటర్ ఫారంలోనూ ఆ ప్రశ్న ఉండదు, కోసినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు ఆ తోటల నియమావళిలో బకెట్ ఎలా నిండాలో రాసి ఉంది: అంచు వరకే.